ముందు వడ్రంగిని వెతకండి, ఇల్లు ఆ తర్వాత

ప్రశ్న: మాకు వికారాబాద్ దగ్గర ఎకరంన్నర పొలం ఉంది. మా అమ్మ పుట్టిల్లు కోనసీమలో మండువా లోగిలి, అంటే నడుమ పైకప్పు లేని వాకిలి, చుట్టూ గదులు, నాలుగు వైపుల కప్పులూ ఆ వాకిట్లోకి వాలి ఉండే ఇల్లు. నా పెళ్లయిన ఏడాదే దాన్ని పడగొట్టి డాబా వేశారు. అలాంటి పాత రైతు ఇల్లు ఒకటి కొని, జాగ్రత్తగా విప్పించి, మా పొలంలో మళ్లీ నిలబెట్టుకోవాలని నా కోరిక. రెండేళ్లుగా వెతుకుతున్నాను. ఈ మధ్య పాత కలప వ్యాపారి ఒకాయన అంబాజీపేట వైపు ఒక ఇల్లు చూపించారు. ఇంటివాళ్లు ఊళ్లో ఉండరు. కలప మొత్తం ఘనపుటడుగుల లెక్కన ఒకే బేరమనీ, వారంలో విప్పించి లారీకెక్కిస్తాననీ, బయానా ఇమ్మనీ అంటున్నారు. మావారేమో పాత ఇంటి కలప అచ్చిరాదంటున్నారు. అమెరికాలో ఉన్న మా తమ్ముడు ఆ ఇంటి సింహద్వారం తనకు పంపమంటున్నాడు. నన్నేం చేయమంటారు?
ఒక పాఠకురాలు, వికారాబాద్ జిల్లా

సమాధానం:

అమ్మా,

బయానా ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే, కొలతలు తీసేదాకా ఒక్క పెంకు కూడా దించవద్దని ఈ రోజే ఫోను చేసి చెప్పండి. మిగిలినవన్నీ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

ఆ వ్యాపారిలో నాకు తప్పేమీ కనిపించడం లేదు. ఆయన అమ్మేది కలప. మీరు కొనాలనుకుంటున్నది ఇల్లు. పదహారు అడుగుల దూలాన్ని రెండు ముక్కలు చేసినా కలప లెక్కలో ఘనపుటడుగులు తగ్గవు. ఇంటి లెక్కలో మాత్రం అది ఇక దూలమే కాదు. వారంలో ఇల్లు విప్పే కూలీలు గోడలోకి దిగి ఉన్న దూలం కొసను తవ్వి తీయరు. గోడ అంచున రంపం పెట్టి కోసేస్తారు. రెండు వైపులా కలిపి అడుగున్నర దాకా పోతుంది. మీ పొలంలో నిలబెట్టేనాటికి ఆ దూలం గోడకు అందదు. అందలేదని గదిని కురచ చేస్తే కప్పు వాలు మారుతుంది. వాలు మారితే మండువా నాలుగు మూలల్లో వాసాలు ఒకదానితో ఒకటి కలవవు. అప్పుడు మేస్త్రీ సిమెంటు దిమ్మెలు పోసి సర్దుతాడు. చివరికి మీకు మిగిలేది పాత స్తంభాలున్న కొత్త ఇల్లు.

అందుకే ఇంటి కోసం తిరగడం కొన్నాళ్లు ఆపి ముందు వడ్రంగిని వెతకండి. తలుపులు, మంచాలు చేసే వడ్రంగి ఈ పనికి చాలడు. పెంకుటిళ్ల కప్పులు దించి ఎక్కించిన అనుభవం ఉన్నవాడు కావాలి. కోనసీమలో, పాలకొల్లు, ఆచంట వైపు అలాంటి పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ఎక్కడా దొరకకపోతే గుడి రథాలు బాగుచేసేది ఎవరో వాకబు చేయండి. పెద్ద కొయ్యలను మేకుల్లేకుండా కలపడం, విడదీయడం వాళ్లకు చేతనవుతుంది. కనిపించిన మనిషిని ఒకే ప్రశ్న అడగండి: “మూలవాసం (రెండు కప్పులు కలిసే మూలలో ఉండే వాసం) ఎలా విప్పుతారు?” ముందు ఏ కొయ్యకు ఊతం పెట్టాలో, ఏ చీల ఎటు నుంచి కొట్టాలో చెప్పడం మొదలుపెడితే ఆయనే మీ మనిషి. రంపం మాట ఎత్తితే దండం పెట్టి వచ్చేయండి. ఇళ్లు చూడటానికి వెళ్లిన ప్రతిసారీ ఆయనకు రోజు కూలీ ఇచ్చి వెంట తీసుకెళ్లండి. ఈ వ్యవహారం మొత్తంలో మీరు పెట్టే ఖర్చుల్లో ఇంతకంటే అక్కరకొచ్చేది లేదు.

ఇక ఇల్లు. మండువా ఇంట్లోకి అడుగుపెట్టగానే మన కళ్లు నకిషీ చెక్కిన ద్వారం మీదికో, నున్నటి స్తంభాల మీదికో పోతాయి. అవి సాధారణంగా బాగానే ఉంటాయి. చూడవలసినవి మూడు చోట్లు: స్తంభం పాదం, దూలం కొస, మండువా మూల.

ఒక దబ్బనం తీసుకెళ్లండి. స్తంభం రాతి దిమ్మె మీద కూర్చున్న చోట, నేల నుంచి జానెడు ఎత్తు లోపల గుచ్చి చూడండి. గట్టి టేకు చేవలో దబ్బనం మొన మాత్రమే దిగి ఆగుతుంది. అంగుళం దాకా మెత్తగా దిగిపోతే ఆ పాదం పోయినట్టే. గోదావరి లంకల్లోనూ (నది నడుమ దిబ్బల మీది ఊళ్లు) ఏటిగట్టుకు దగ్గరి ఊళ్లలోనూ 1986 ఆగస్టు వరద గురించి ఇంటివాళ్లను తప్పకుండా అడగండి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరిన వరద అది. నీళ్లు ఎంతవరకు వచ్చాయో, ఎన్ని రోజులు నిలిచాయో ఆ ఊరి పెద్దవాళ్లు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ గీతకు కింద ఉన్న కొయ్యనంతా రెండోసారి గుచ్చి చూడండి. పాదం ఒక్కటే పాడైతే భయపడనక్కర్లేదు. పాడైనంత మేర కోసి, అదే జాతి పాత కొయ్యతో అతుకు వేయవచ్చు. పాదంతో పాటు నడుము కూడా డొల్లగా మోగితే ఆ స్తంభాన్ని లెక్కలోంచి తీసేయండి.

దూలం కొసలు గోడలో ఉంటాయి కాబట్టి కంటికి కనబడవు. గోడ పైన పెంకు కారిన మరక ఉంటే దాని కింది కొస పుచ్చి ఉంటుందనే అనుకోండి. ఇంటివాళ్ల అనుమతితో అలాంటి చోట ఒకటి రెండు ఇటుకలు తీయించి చూడాలి. ఒప్పుకోకపోతే ఆ ఇల్లు వదిలేయడమే మంచిది. మండువాలోకి వాలిన నాలుగు కప్పులు కలిసే మూలల్లో వాన నీరంతా చేరుతుంది. వందేళ్ల ఇంట్లో ఆ నాలుగు మూలవాసాలూ ఆరోగ్యంగా ఉన్నాయంటే ఆ ఇంటిని బాధ్యతగల మనుషులు చూసుకున్నారని అర్థం. మిగతా కొయ్యను కూడా నమ్మవచ్చు.

కొయ్య ఏ జాతిదో వడ్రంగి చెబుతాడు. గోదావరి జిల్లాల ఇళ్లలో రెండు రకాల టేకు కనిపిస్తుంది. భద్రాచలం అడవుల నుంచి తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రికి దింపినది ఒకటి. కాకినాడ, కోరంగి రేవులకు రంగూన్‌తో రాకపోకలున్న రోజుల్లో ఓడల్లో వచ్చిన బర్మా టేకు ఇంకొకటి. రెండూ మంచివే. వాసాలు చాలా ఇళ్లలో తాటివే ఉంటాయి. తాటి వాసమని చిన్నచూపు చూడకండి. ముదురు తాటిమానులో చేవంతా పైచుట్టూ ఉంటుంది, లోపలిది దూది లాంటి మెత్తన. అందుకే తాటి వాసాన్ని చిత్రిక పట్టించి నున్నగా చేయిద్దామనుకోకూడదు. పైచేవ పోతే దానికి బలం లేదు.

పెంకుల విషయంలో ఒక పొరపాటు తరచుగా వింటున్నాను. మన వైపు బెంగుళూరు పెంకులని పిలిచేవి నిజానికి మంగళూరులో మొదలైన పెంకులు. కొన్నిటి వెనక బాసెల్ మిషన్ (ఆ పెంకులు చేసిన క్రైస్తవ మిషనరీ సంస్థ) అని, 1865 అని అచ్చు కనబడుతుంది. “చూడండి, ఇల్లు 1865 నాటిది” అని ధర పెంచుతారు. అది మంగళూరులో ఆ పెంకుల కర్మాగారం పెట్టిన సంవత్సరం. ఆ తర్వాత దశాబ్దాల పాటు తయారైన పెంకుల మీదా అదే అంకె ఉంది. ఇంటి వయసు తెలియాలంటే పాత దస్తావేజు చూడండి, లేదా ఆ ఇంట్లో మొదట ఎవరి పెళ్లి జరిగిందో అడగండి.

మీరు అడగలేదు కానీ మనసులో ఉండి తీరుతుంది కాబట్టి చెబుతున్నాను: ఇల్లంతా తరలి రాదు. కేరళలో పాత ఇళ్లు కొని, విప్పి, వేరేచోట నిలబెట్టడం ఎప్పటి నుంచో ఉన్న పని. అక్కడ చాలా ఇళ్లకు గోడలు కూడా కొయ్య పలకలే. పలకలు గాడిలోంచి జారతాయి, చీలలు ఊడతాయి, ఇల్లు విడిపోతుంది, మళ్లీ కూడుతుంది. మన మండువా ఇల్లు అలా కాదు. లోపలి వరస బరువు స్తంభాల మీద ఉంటే, బయటి వరస బరువు మట్టి గోడల మీదో, సున్నంతో కట్టిన ఇటుక గోడల మీదో ఉంటుంది. మట్టి గోడ మట్టిలోనే కలుస్తుంది. సున్నపు గోడైతే ఇటుక మీద సుత్తితో తట్టగానే శుభ్రంగా విడివడుతుంది. తర్వాతి కాలంలో సిమెంటుతో మరమ్మతు చేసిన చోట మాత్రం ఇటుక పగిలి సిమెంటు మిగులుతుంది. అంబాజీపేట నుంచి మీ పొలానికి దాదాపు 500 కిలోమీటర్లు. అంత దూరం ఇటుకలు మోయించడం దండగ. స్తంభాలు, దూలాలు, వాసాలు, ద్వారబంధాలు, తలుపులు, కిటికీలు, దిమ్మె రాళ్లు, పెంకులు వస్తాయి. గోడలు, పునాది, నేల మీ దగ్గర కొత్తగా కట్టాలి. ఖర్చులో పెద్ద వాటా వీటిదే అవుతుంది, ఇల్లు కొన్న ధర కాదు. చేతిలో ఉన్న డబ్బంతా కొనుగోలుకే పెట్టి, తెచ్చిన కలపను పట్టాల కింద కప్పి, ఏళ్ల తరబడి చూస్తూ ఉండిపోయిన ఇద్దరిని నేనెరుగుదును. ఆ కలపను ఇప్పుడు చెదలు తింటున్నాయి.

వీలు చూసుకుని మీరూ మీవారూ చెన్నై దగ్గర ముట్టుకాడులోని దక్షిణచిత్రకు ఒకసారి వెళ్లి రండి. 1996లో తెరిచిన ఆ ప్రదర్శనశాలలో దక్షిణాది పల్లెల నుంచి కొని, విప్పి తెచ్చి నిలబెట్టిన ఇళ్లున్నాయి. కేరళలోని పుత్తుపల్లి నుంచి వచ్చిన కొయ్య ఇంట్లో నిలబడి గోడల వంక చూడండి. ఇది ఎందుకు తేలిగ్గా కదిలి వచ్చిందో, మండువా ఎందుకు అలా కదలదో నేను పేజీలు రాసినా అర్థం కానిది అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది.

ఇంకో సంగతి కూడా ఆలోచించండి. కోనసీమ ఇల్లే కావాలా? మీ అమ్మగారి జ్ఞాపకం కోసమైతే నేను అడ్డు చెప్పను. అంగణం చుట్టూ గదులున్న ఇల్లు కావాలన్నదే కోరికైతే తెలంగాణ పల్లెల్లో భవంతి ఇళ్లున్నాయి. సిద్దిపేట, కరీంనగర్, వరంగల్ వైపు రైతుల భవంతులు ఇప్పుడు వరసగా నేలమట్టమవుతున్నాయి. అవి మీ ఎండకు, మీ వానకు పుట్టిన ఇళ్లు. రవాణా సగానికి సగం తగ్గుతుంది. వాటిని మళ్లీ కట్టగల మేస్త్రీలూ దగ్గరలోనే దొరుకుతారు. రెండూ చూసి నిర్ణయించుకోండి.

ఎక్కడ వెతకాలి అంటారా. కలప అడితిల్లో కాదు. ఇల్లు అడితికి చేరేసరికే ముక్కలై ఉంటుంది. ఊళ్లోకి వెళ్లి పెంకులు సర్దే మనుషులను, గుడి పూజారిని, పోస్టుమ్యాన్‌ను కలవండి. ఏ ఇంట్లో దీపం పెట్టేవాళ్లు లేరో వాళ్లకు తెలుసు. అన్నిటికంటే ముఖ్యంగా సంక్రాంతికి వెళ్లండి. హైదరాబాద్‌లో, బెంగళూరులో, అమెరికాలో ఉన్న వాటాదారులంతా ఒక్కచోట చేరేది ఆ నాలుగు రోజులే. పాత ఇంటిని ఏం చేయాలన్న మాట భోగి నాడు వస్తుంది, కనుమ నాటికి తేలుతుంది. ఆ మాటల్లో మీరు అక్కడ ఉంటే కలప వ్యాపారి ప్రమేయం లేకుండా ఇంటివాళ్లతోనే మాట్లాడవచ్చు.

మాట్లాడేటప్పుడు ఇల్లు ఎందుకు తీసేస్తున్నారో అడగండి. రోడ్డు మీద రోడ్డు వేసి వేసి ఇల్లు పల్లమైపోయిందని, వానొస్తే వీధి నీళ్లు అరుగెక్కుతున్నాయని చాలామంది చెబుతారు. కొందరికి కోతుల బాధ. ఆ ఇంటికి ఇంకా ప్రాణముండి, దాన్ని నిలుపుకోవాలన్న ఆశ ఆ ఇంట్లో ఏ ఒక్కరికైనా ఉంటే మీ వడ్రంగి చేత మరమ్మతు అంచనా వేయించి ఇచ్చి వచ్చేయండి. ఉన్నచోటే నిలబడగల ఇంటిని మనం విప్పకూడదు. ఇది నా గట్టి నమ్మకం. కూలిపోవడానికో, అడితికో సిద్ధంగా ఉన్న ఇళ్లు మీకు కావలసినన్ని దొరుకుతాయి.

బేరం కుదిరితే కాగితాల పని ఓపికగా చేయండి. ఇలాంటి ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలో, అంటే ఊరి నివాసాల కోసం విడిచిన భూమిలో, ఉంటాయి. రిజిస్టరైన దస్తావేజు ఉండకపోవచ్చు, ఇంటిపన్ను రసీదులే ఆధారం కావచ్చు. వంశవృక్షం రాయించుకుని వాటాదారులందరి సంతకాలూ తీసుకోండి. ఆడపడుచుల సంతకాలు అడగకుండా అన్నదమ్ములతోనే ముగించే అలవాటు ఇంకా పోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి, దేశమంతటా 2005 సవరణతో కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు వచ్చింది. సగం ఇల్లు విప్పాక విజయవాడ నుంచి ఒక చెల్లెలు వచ్చి ఆపమంటే న్యాయం ఆమె వైపే ఉంటుంది. స్థలం కాకుండా ఇంటి సామగ్రి మాత్రమే కొంటున్నారు కాబట్టి ఒప్పందంలో ఏమేమి తీసుకెళ్తారో, ఏవి వదిలేస్తారో, స్థలం ఎవరు శుభ్రం చేస్తారో వకీలు చేత రాయించండి. ఇంటి మీద బ్యాంకు అప్పు ఉందేమో చూడండి. గోడలోనో నేలలోనో పాత నాణేల ముంత లాంటిది బయటపడితే ఎవరూ ముట్టకుండా అధికారులకు తెలియజేస్తామని కూడా అందులో రాయించండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమలులో ఉంది, పది రూపాయల విలువ దాటిన దేనికైనా అది వర్తిస్తుంది.

కలపను రెండు రాష్ట్రాల మీదుగా తేవాలి. లారీ కదలక ముందే అక్కడి అటవీశాఖ రేంజి కార్యాలయానికి వెళ్లి, పాత ఇంటి కలప అని చూపే ఫొటోలు, పంచాయతీ ధ్రువపత్రం, కొలతల పట్టిక ఇచ్చి, రవాణాకు ఏ అనుమతి కావాలో రాతపూర్వకంగా తీసుకోండి. టేకు లారీని చెక్‌పోస్టు దగ్గర ఆపితే మన వివరణలు పనికిరావు, కాగితమే పనికొస్తుంది. మీ పొలంలో ఇల్లు కట్టడానికి ఆ మేరకు భూమిని వ్యవసాయేతర వినియోగానికి మార్పించుకోవడం కూడా ఇప్పుడే మొదలుపెట్టండి.

మీ తమ్ముడికి మాత్రం ద్వారం మీద ఆశ వదులుకోమని చెప్పండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చెక్కడపు పనిని మామూలు వ్యక్తులు దేశం దాటించకూడదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, సింహద్వారం లేకుండా ఆ ఇల్లు నిలబెట్టి ఏం చేస్తాం? ఆయన వచ్చినప్పుడల్లా ఆ గడప దాటే లోపలికి వస్తారు కదా.

మీవారి మాటను తేలిగ్గా తీసేయకండి. ఇంట్లో ఒకరికి మనసు ఒప్పని ఇల్లు ఎంత అందంగా ఉన్నా సుఖమివ్వదు. ఆయనకు రెండు సంగతులు చెప్పి చూడండి. గోదావరి కోతకు లంక గ్రామాల ఒడ్లు తెగిపడినప్పుడల్లా అక్కడివాళ్లు తమ ఇళ్ల ద్వారబంధాలు, దూలాలు, పెంకులు విప్పుకుని వెనక్కి జరిగి, అదే కొయ్యతో మళ్లీ ఇల్లు కట్టుకున్నారు. తరతరాలుగా అదే కొయ్య కింద పిల్లల్ని కన్నారు, పెళ్లిళ్లు చేశారు. రెండోది, శ్రీశైలం జలాశయంలో మునగబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూర్ తెచ్చి నిలబెట్టారు. అక్కడ దీపం వెలుగుతోంది. ఆయనతో కలిసి అలంపూర్ వెళ్లి రండి. గోడ రాళ్ల వరసలు ఎలా కలిశాయో చేత్తో తడిమి చూడమనండి.

ఇప్పుడు విప్పే పని. ఇక్కడ నా బాధ ఒకటి చెప్పాలి. పదకొండేళ్ల క్రితం లంకలో ఉన్న మా పెదనాన్నగారి ఇంటిని విప్పి రాజమండ్రి పక్కన మా స్థలానికి తెచ్చాం. వాసాలన్నిటి మీదా సుద్దముక్కతో అంకెలు వేయించాను. లారీ దిగిన రాత్రి అకాల వర్షం కురిసింది. తెల్లారి చూస్తే నూట నలభై వాసాల్లో ఒక్కదాని మీదా అంకె లేదు. ప్రతి వాసాన్నీ ప్రతి గాడిలో పెట్టి చూస్తూ రెండు నెలలు గడిపాం. చివరకు కొయ్యల అతుకుల దగ్గర పాత వడ్రంగి ఉలితో పెట్టిన గాట్లు మా పెద్ద మేస్త్రీ కంటపడ్డాయి. ఒక కొయ్యకు మూడు గాట్లుంటే దాని జతకూ మూడు. ఎనభై ఏళ్ల కింద ఎవరో మాకోసమే వదిలి వెళ్లిన గుర్తులు అవి. మసి, రంగు కింద ఉండటంతో విప్పేటప్పుడు మేం చూడలేదు. మీరు విప్పక ముందే ప్రతి అతుకు దగ్గరా తడిగుడ్డతో తుడిచి చూడండి.

సుద్ద వద్దు, రంగు వద్దు. చిన్న రేకు బిళ్లల మీద అంకెలు కొట్టించి, కనబడని వైపున సన్నని మేకుతో దిగ్గొట్టండి. తూర్పు వరసకు తూ, పడమరకు ప, ఉత్తరానికి ఉ, దక్షిణానికి ద, వాటి పక్కన అంకె. అవే గుర్తులు కాగితం మీది బొమ్మలోనూ ఉండాలి. బొమ్మ గీయడానికి ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థిని తోడు తెచ్చుకోండి. రెండు మూడు రోజులు పడుతుంది. గదుల పొడవు వెడల్పులతో ఆగకుండా మూల నుంచి మూలకు కూడా కొలవాలి. పాత ఇల్లు ఏదీ నిక్కచ్చిగా మూలమట్టంలో ఉండదు. ఒక పక్క రెండంగుళాలు ఎక్కువుంటుంది, కొయ్యలన్నీ ఆ ఎక్కువకు తగ్గట్టే కోసి ఉంటాయి. మీ దగ్గరి మేస్త్రీ దారం పట్టి నిఖార్సైన చతురస్రం కట్టాడంటే దూలాలు కూర్చోవు. ఇల్లు ఏ దిక్కుకు ఎన్ని డిగ్రీలు తిరిగి ఉందో కూడా రాసుకోండి. ఏ వసారాలోకి ఏ పూట ఎండ వస్తుందో దాన్ని బట్టే ఉంటుంది.

కట్టిన వరసకు తిరగేసి విప్పాలి: పెంకులు, బద్దలు, వాసాలు, మూలవాసాలు, దూలాలు, స్తంభాలు, చివర గోడలతో పాటు ద్వారబంధాలు. నిలబెట్టి ఉన్న ద్వారబంధాన్ని గోడ లోంచి లాగకూడదు, గోడను దాని చుట్టూ తీసేయాలి. పెంకులు చదరపు మీటరుకు సుమారు పదిహేను పడతాయి, ఒక్కోటి రెండు కిలోల పైమాటే. 150 చదరపు మీటర్ల కప్పంటే 2,250 పెంకులు, దాదాపు అయిదు టన్నులు. ఎండుగడ్డి పరిచి నిలువుగా పేర్పించండి, పడుకోబెడితే అడుగు వరసలు పగులుతాయి.

సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి మృగశిర లోపల విప్పడం పూర్తి చేయండి. అదే వేసవిలో మళ్లీ నిలబెట్టేద్దామని తొందరపడకండి. కలపను రేకుల షెడ్డు కింద నేలకు అడుగున్నర ఎత్తులో, వరసకూ వరసకూ మధ్య అడ్డపుల్లలు పెట్టి, గాలి ఆడేలా ఒక వానాకాలం ఉంచండి. ప్లాస్టిక్ పట్టా బిగించి కట్టారంటే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. ఆ నెలల్లో పాత రంగు తీయించడం, బోరిక్ ఆమ్లం, బోరాక్స్ ద్రావణం పట్టించడం, పాదాల అతుకులు, పునాది పని చేసుకోవచ్చు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు కాబట్టి పొడిగా గీకించకండి, తడిపి తీయించండి, పనివాళ్ల ముక్కుకు దుమ్మును ఆపే మాస్కు ఉండేలా చూడండి.

నిలబెట్టేటప్పుడు గోడకు, నేలకు మీ ప్రాంతపు రాయినే నమ్ముకోండి. తాండూరు బండ మీ పక్కనే ఉంది, మండువా వసారాకు అంతకంటే చల్లని నేల లేదు. స్నానాల గదులు, ఇప్పటి తరహా వంటిల్లు మండువా వరసలోకి చొప్పించకుండా పెరటి వైపు వేరే కట్టి, నడవతో కలపండి. మీ వైపు కోతులున్నాయని మరవకండి. బెంగుళూరు పెంకుకు అడుగున చిన్న కన్నం ఉంటుంది. ఆ కన్నంలోంచి తుప్పుపట్టని తీగ వేసి ప్రతి పెంకునూ బద్దకు కట్టించండి. పని విసుగే, కానీ కట్టని కప్పును కోతుల గుంపు ఒక్క పూటలో పీకేస్తుంది.

మా పెదనాన్నగారి ఇల్లు విప్పిన రోజు మా పెద్దమ్మ వచ్చి కూర్చుంది. ఏమీ అనలేదు. అంతా అయ్యాక నడిమింటి దూలానికి ఉన్న ఉయ్యాల కొక్కెం ఒక్కటి అడిగింది. తన అయిదుగురు పిల్లలూ దానికే ఊగారు. ఇచ్చేశాం. కొత్తచోట ఆ దూలానికి ఇప్పటికీ కన్నం అలాగే ఉంది, పూడ్చనివ్వలేదు. మీరు ఎవరి దగ్గర ఇల్లు కొంటారో వాళ్లలోనూ అలాంటి వాళ్లు ఒకరుంటారు. పసుపు పొరలు కట్టిన గడప కావచ్చు, దీపపు గూటి రాయి కావచ్చు, ఏం దాచుకుంటారో విప్పక ముందే అడగండి.

కాబట్టి ఈ వారంలో వ్యాపారికి ఫోను చేసి, ఇంటివాళ్లు ఎవరో చెబితే మధ్యవర్తిగా ఆయనకు రావలసింది తప్పకుండా ఇస్తామని చెప్పండి. దానికి ఒప్పుకోకపోతే ఆ ఇల్లు పోతే పోనివ్వండి. సంక్రాంతికి ఇంకా రోజులున్నాయి. ఈలోగా వడ్రంగిని చూసుకోండి. ఏ ఇల్లు కుదిరినా, కొలతలు తీసి గీయించిన బొమ్మ ప్రతి ఒకటి చట్రం కట్టించి ఆ ఇంటివాళ్లకు ఇచ్చి రండి.